31 వారాల 2 రోజులు

రాత్రి రెండూ పది. మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు.

పక్కన మూడేళ్ళ పాప నీ పొట్ట మీద కాలు వేసి నిద్రపోతోంది. అది తగిలే లేచానేమో అనుకుని కాలు మెల్లగా పక్కకి జరుపుతావు. కిటికీలోంచి పొగాకు వాసన వస్తోంది. జనవరి నెల. ఊరి చివర పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రాత్రంతా మండుతూనే ఉంటాయి. నీ భర్త అక్కడే కాపలా ఉన్నాడు. వేడి తగ్గినా ఆకు పాడవుతుంది, పెరిగినా పాడవుతుంది. తెల్లారేదాకా రాడు.

అటు తిరిగి పడుకోబోతావు. పొట్ట గట్టిపడుతుంది.

నొప్పి అనడానికి లేదు. పొట్టంతా ఒక్కసారిగా బిగుసుకుని రాయిలా అవుతుంది. అర నిమిషం అలాగే ఉండి వదిలేస్తుంది. నడుం దగ్గర చిన్న లాగుడు. అంతే. కానీ ఈ లాగుడు నీకు కొత్త కాదు.

ఇవాళ్టికి 31 వారాల 2 రోజులు. రోజూ క్యాలెండర్‌లో కొట్టేస్తున్నావు కాబట్టి లెక్క పెట్టుకోనక్కర్లేదు. పక్కన నిద్రపోతున్న ఈ పిల్ల 32 వారాలకే పుట్టింది. 1,580 గ్రాములు.

లేచి బాత్రూమ్‌కి వెళ్తావు. లైటు వేసి చూసుకుంటావు. రక్తం లేదు. నీరు పోలేదు. రెండు గ్లాసుల నీళ్ళు తాగి ఎడమ పక్కకి ఒత్తిగిల్లి పడుకుంటావు. దొంగ నొప్పులైతే దీంతో సర్దుకుంటాయి. ఫోన్ చేతిలో పట్టుకుంటావు.

రెండూ ఇరవై ఒకటి. మళ్ళీ.

రెండూ ఇరవై తొమ్మిది.

రెండూ ముప్పై ఆరు.

పదకొండు నిమిషాలు, ఎనిమిది, ఏడు. దొంగ నొప్పులు ఇలా వరసలో రావు.

మధ్యలో పొట్ట వదులైనప్పుడు మనసు ఊరుకోదు. మొదటిది నెలలు నిండకుండానే వచ్చింది, రెండోదీ అంతేనా? నాలుగో నెలలో ఒంగోలులో డాక్టరమ్మని నువ్వు అడిగింది కూడా ఇదే. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. తిరిగి నిన్నే అడిగింది. "మొదటిసారి నొప్పులు వాటంతటవే వచ్చాయా? ఉమ్మనీరు ముందే పోయిందా? లేకపోతే బీపీ పెరిగిందని డాక్టర్లే కాన్పు చేశారా?"

నీరు పోయింది, తర్వాత నొప్పులు వచ్చాయి అన్నావు. "బీపీ వల్లయితే ఈసారి బీపీని కాపలా కాసేవాళ్ళం. నీ విషయంలో కాపలా వేరే చోట" అంటూ రాసుకుంది. ఆ తర్వాత లెక్క చెప్పింది. మన దేశంలో పుట్టే ప్రతి వంద మంది పిల్లల్లో పదమూడు మంది దాకా 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు. మొదటి కాన్పు అలా ముందే అయినవాళ్ళలో రెండోసారీ ముందే అయ్యేది పది మందిలో సుమారు ముగ్గురికి. అంటే మామూలు కంటే రెట్టింపు పైనే. మొదటి బిడ్డ ఎంత ముందుగా పుడితే రెండోసారి అనుమానం అంత ఎక్కువ. 36 వారాలకి పుట్టిన బిడ్డ తల్లికీ 28 వారాలకి పుట్టిన బిడ్డ తల్లికీ ఒకటే లెక్క కాదు.

"మిగతా ఏడుగురో?" అన్నావు.

"నెలలు నిండాకే కంటారు. నువ్వు ముగ్గురిలో ఉన్నావో ఏడుగురిలో ఉన్నావో నీ మొహం చూసి నేను చెప్పలేను. అందుకే కొలుస్తాను."

కొలిచింది. లోపలి నుంచి చేసే స్కాన్‌లో గర్భసంచి మూతి పొడవు చూసింది. ఇరవయ్యో వారంలో 29 మిల్లీమీటర్లు. ఇరవై రెండో వారంలో 24. 25 కంటే తగ్గితే ఊరుకోకూడదంది. మూతికి కుట్టు వేయాలా, మందుతో చూడాలా అని ఆలోచించి మందే రాసింది. అప్పటి నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు లోపల పెట్టుకునే ప్రొజెస్టెరాన్ గోళీ. ఇవాళా పెట్టుకున్నావు. పాపకీ దీనికీ మధ్య ఎడం ఉండడం మంచిదయిందని కూడా అంది. ఏడాదిన్నర తిరక్కుండానే మళ్ళీ నిలిస్తే ముందస్తు కాన్పు భయం ఇంకా పెరిగేదట.

రెండూ నలభై రెండు.

ఈసారి ఊపిరి బిగబట్టావు.

"అత్తయ్యా."

ఆవిడ చాప మీంచి లేచి వస్తుంది. నీ పొట్ట మీద చెయ్యి వేసి చూస్తుంది.

"దొంగ నొప్పులేలేవే. జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తాను, తాగి పడుకో. తెల్లారాక చూద్దాం." వంటింటి వైపు తిరిగి ఆగిపోతుంది. "అసలే ఎనిమిదో నెల. ఏడో నెల్లో పుడితే నిలుస్తారు గానీ..."

మాట మింగేస్తుంది. మిగతా సగం నీకు తెలుసు. ఈ మాట నీ చిన్నప్పటి నుంచీ వింటున్నావు. డాక్టరమ్మ ముందు అంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకి బలమే. ఏడో నెల కంటే ఎనిమిదో నెల మేలు, ఎనిమిది కంటే తొమ్మిది.

తెల్లారాక చూద్దాం. నీ చెవిలో పడింది ఆ రెండు మాటలే.

మూడేళ్ళ కిందట పుట్టింట్లో అమ్మా ఇదే అంది. అర్ధరాత్రి నీరు పోయింది. నొప్పులు లేవు కదా అని ఆగారు. అయిదు గంటలు. ఆసుపత్రికి చేరిన నలభై నిమిషాలకే పాప పుట్టేసింది. బిడ్డ ఊపిరి కోసం తల్లికి ముందే ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఒకటుందట, అది పనిచేయడానికి వ్యవధి లేకపోయింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ పిల్ల పక్కటెముకల కింద చర్మం గుంటలు పడేది. నాలుగు రోజులు ముక్కులో గొట్టాలు. పందొమ్మిది రోజులు గాజు అవతల.

డాక్టరమ్మ చివర్లో అన్న మాట గుర్తొస్తుంది. "మొదటి బిడ్డని చూసి రెండో బిడ్డ ఎప్పుడొస్తుందో చెప్పలేను. నువ్వు ఎంతసేపు ఆగొచ్చో మాత్రం చెప్పగలను. వేరే వాళ్ళు ఒక గంట చూడొచ్చు. నువ్వు చూడకు."

ఇప్పటికే అరగంట చూశావు.

భర్తకి ఫోన్ చేస్తావు. కలవదు. బ్యారన్ దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం. ఎదురింటి ఆటో ఉంది. దార్లో కాన్పయితే ఆటోలో ఏముంటుంది?

108 నొక్కుతావు.

"నొప్పులమ్మా. రెండో కాన్పు. ఎనిమిదో నెల. మొదటిది కూడా ముందే అయింది." అవతలి గొంతు ఊరి పేరు అడుగుతుంది, గుర్తు అడుగుతుంది. రామాలయం అంటావు.

బీరువా మీద నీలం ప్లాస్టిక్ కవరు. అత్తయ్య స్టూలు ఎక్కి తీస్తుంది. అందులో పాప డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టులు, ఆ చిట్టి మణికట్టుకి అప్పుడు కట్టిన పట్టీ. నీ బొటనవేలికి కూడా పట్టదు. తోడికోడలు వచ్చి పాప పక్కన పడుకుంటుంది. పాప కదలదు.

మూడు గంటలకి ఎర్ర లైటు గోడ మీద తిరుగుతుంది.

అంబులెన్స్ ఈఎంటీ కుర్రాడు. "అక్కా, నీరు పోయిందా? రక్తం? బిడ్డ కదులుతోందా?" పోలేదు, లేదు, కదులుతోంది. బీపీ చూస్తాడు. "అద్దంకి పది నిమిషాలు. ఒంగోలు గంట. అద్దంకిలో కాన్పయితే చేస్తారక్కా. కానీ ఇంత చిన్న బిడ్డని పెట్టే వార్మర్లు, ఊపిరి మిషన్లు ఒంగోలులోనే. ఏం చేద్దాం?"

అత్తయ్య నీ వైపు చూస్తుంది. దగ్గర్లో ఉన్నదానికి వెళ్ళాలనే ఆవిడ కళ్ళు చెబుతున్నాయి. భయం వేసినప్పుడు ఎవరికైనా దగ్గరే మంచిదనిపిస్తుంది. కానీ అక్కడ పుట్టాక బిడ్డని ఒంగోలు తీసుకెళ్ళాలంటే? చలిలో, కిలోన్నర బిడ్డ, గంట ప్రయాణం. కడుపులో ఉండగా తీసుకెళ్తే చలి తగలదు, ఊపిరికి వెతుక్కోదు.

"ఒంగోలు" అంటావు.

"అద్దంకిలో రెండు నిమిషాలు ఆపుతాం. మొదటి సూది వేయించుకుని పోదాం."

అద్దంకి. ట్యూబ్‌లైటు వెలుగు. నర్సమ్మ సిరంజితో బండి దగ్గరికే వస్తుంది. "ఎన్ని వారాలు?" చెప్తావు. తొడకి సూది. మంట. టైము కాగితం మీద రాస్తుంది. 3:20. డెక్సామెథాసోన్, ఆరు మిల్లీగ్రాములు.

పాపకి అందనిది ఇదే. సూది నీకు, మందు బిడ్డకి. రక్తంలో కలిసి మాయ దాటి వెళ్ళి, ఇంకా జిగురుగా ఉన్న ఆ ఊపిరితిత్తులని గాలికి సిద్ధం చేస్తుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రె పిల్లల మీద చూసి, హోవీ అనే మరో డాక్టరుతో కలిసి తల్లుల మీద పరీక్షించి 1972లో ప్రకటించిన చికిత్స ఇది. మన దేశంతో సహా అయిదు దేశాల్లో ఈ డెక్సామెథాసోన్‌నే ఇచ్చి చూస్తే ముందే పుట్టిన పిల్లల చావులు తగ్గాయని 2020లో తేలింది. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. ఒక్కటి పడినా వృథా కాదు, పని మొదలుపెడుతుంది. దానికి కావాల్సింది టైము.

టైము నీ దగ్గర ఉందా?

మేదరమెట్ల. బండి హైవే ఎక్కుతుంది. కుదుపులు తగ్గుతాయి.

పొట్ట గట్టిపడుతుంది. ఈసారి నొప్పే.

అయిదు నిమిషాలు.

మళ్ళీ.

"ముక్కొద్దక్కా. నోటితో ఊపిరి వదులు."

ముక్కాలనిపించడం లేదు. ఇంకా లేదు. కింద బరువు. చెయ్యి పెట్టి చూస్తావు. తడి? లేదు. చెమట.

గుండ్లకమ్మ వంతెన. లారీల లైట్లు.

నాలుగు నిమిషాలు.

అత్తయ్య నీ చెయ్యి వదలదు. కవరు ఒళ్ళో పెట్టుకుంది.

మళ్ళీ.

ఆగు. ఇంకొంచెం ఆగు.

ఒంగోలు. స్ట్రెచర్. పైన లైట్లు పరిగెడుతున్నాయి. డ్యూటీ డాక్టరు మొదట నిన్ను చూడదు, కవరు తీసుకుని చూస్తుంది. ఒక్క నిమిషంలో అన్నీ దొరుకుతాయి: 32 వారాలు, నీరు ముందే పోవడం, 24 మిల్లీమీటర్లు, 3:20. "మంచిది" అంటుంది.

లోపల పరీక్ష. "రెండు సెంటీమీటర్లు తెరుచుకుంది. నీరు ఉంది." ఒక మాత్ర ఇస్తారు, నిఫెడిపిన్. అది కాన్పుని నెలల తరబడి ఆపదు. గర్భసంచి బిగుతు తగ్గించి ఒకటి రెండు రోజులు కొనిపెడుతుంది. సూదులు పనిచేయడానికి కావాల్సినన్నే. "ఇంకా తెరుచుకుంటే మెగ్నీషియం ఎక్కిస్తాం. బిడ్డ మెదడుకి కాపు. ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కుతుంది, కంగారు పడకు."

గోడ గడియారం మాత్రమే కనిపిస్తోంది.

ఆరు నిమిషాలు.

ఆరు.

తొమ్మిది.

తెల్లారుతుంది. నీ భర్త వస్తాడు. చొక్కా నిండా పొగాకు వాసన. మాట్లాడడు, నీ కాళ్ళ దగ్గర కూచుంటాడు. మధ్యాహ్నం మూడూ ఇరవైకి రెండో సూది. రాత్రి మూడూ ఇరవైకి మూడోది. మర్నాడు మధ్యాహ్నం నాలుగోది. మూతి ఇంకా రెండు సెంటీమీటర్ల దగ్గరే ఉంది.

"ఇంకెన్నాళ్ళు ఉంటుంది డాక్టర్ గారూ?"

"రేపు కావచ్చు, నెల పట్టొచ్చు. ఇవాళ్టికి 31 వారాల 3 రోజులు. రేపు నాలుగవుతుంది."

ముగ్గురిలోనా ఏడుగురిలోనా అన్న లెక్క ఇప్పుడు నీకు అక్కర్లేదు. ఈ బిడ్డ రేపే వచ్చినా నాలుగు సూదులతో వస్తుంది, అవతలి గదిలో వార్మర్ వెలుగుతూ ఉంటుంది. ఆ తర్వాత నీ గుండెల మీద, చర్మానికి చర్మం ఆనేలా ఎలా పడుకోబెట్టుకోవాలో పాప నీకు ముందే నేర్పింది.

సాయంత్రం తోడికోడలు పాపని తీసుకొస్తుంది. పిల్ల మంచం ఎక్కి నీ పొట్ట దగ్గర నోరు పెడుతుంది.

"బుజ్జీ! తొందరగా రా!"

"అమ్మో, అలా అనకే!" అత్తయ్య పరుగెత్తుకొస్తుంది. పక్క మంచం ఆవిడ నవ్వేస్తుంది. నీకూ నవ్వాగదు. ఆ నవ్వుకి పొట్ట బిగుసుకుంటుంది.

వార్డంతా నవ్వుతోంది. నువ్వొక్కదానివే గడియారం వైపు తిరుగుతావు.

పది నిమిషాలు. ఇరవై. పాప నీ చేతి మీద నిద్రపోయింది.

ముప్పై అయిదు నిమిషాలు. పొట్ట మెత్తగానే ఉంది.