బుల్లెట్, జావా, రాజ్‌దూత్ : నాటి బండ్లు, నేటి పాత రూపాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరారు. పెన్షను లెక్కలు, డి.ఎ. బకాయిల సంగతులు వ్రాయడానికి నాకంటె సమర్థులు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను మోటారు సైకిళ్ళ చరిత్ర ఎంచుకున్నాను. ఫీల్డు డ్యూటీ చేసిన మనలో అనేకులు సర్వీసంతా ఏదో ఒక బండి మీదనే గడిపారు. ఇప్పుడు మన మనవలు అదే ఆకారంలో వస్తున్న కొత్త బండ్లు కొంటామంటున్నారు. కొందరు మన పాత బండినే బాగుచేయించి రోజూ ఆఫీసుకు నడుపుతామంటున్నారు. ఏది నమ్మదగినదో చెప్పవలసిన బాధ్యత ఇంట్లో పెద్దలమైన మనమీదనే పడుతున్నది.

ముందుగా బుల్లెట్. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1930 దశకం మొదట్లో ఈ పేరు పెట్టింది. మన సైన్యం సరిహద్దు కాపలాకు ఈ బండిని ఎన్నుకున్నది. 1955 సం.లో ఆ కంపెనీ, మద్రాస్ మోటార్స్ వారు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు తెప్పించి బిగించేవారు, తరువాత ఇక్కడే తయారుచేశారు. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడిన తరువాత కూడా మద్రాసులో బుల్లెట్ తయారవుతూనే ఉన్నది.

జావా అనేది చెకోస్లొవేకియా బండి. యానెచెక్ అనే ఆయన పేరులోని మొదటి అక్షరాలు, వాండరర్ అనే కంపెనీ పేరులోని మొదటి అక్షరాలు కలిపి 1929 సం.లో ఆ పేరు పెట్టారు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 సం.లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1973 నుండి అదే బండి యెజ్డీ అయింది. ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ వారు పోలండు నమూనా మీద చేసిన 175 సి.సి. రాజ్‌దూత్ పాలవాళ్ళకు, పల్లెటూరి ఉద్యోగులకు చేదోడు వాదోడుగా ఉండేది.

ఈ బండ్లు చెడిపోయేవి కావని ఇప్పుడు చాలామంది అంటుంటారు. నిజం చెప్పాలంటే అవి తరచుగా చెడిపోయేవి. కాకపోతే ఏం చెడిందో మనకు తెలిసేది.

పాత బుల్లెట్ 346 సి.సి. ఫోర్ స్ట్రోక్ ఇంజను. ఇంజను వేరు, గేరు బాక్సు వేరు. అతుకుల దగ్గర గ్యాస్కెట్లలోనుంచి ఆయిల్ కారడం మామూలు. అదురుకు నట్లు వదులయ్యేవి. ట్యాపెట్లు తరచు సరిచూసుకోవాలి. స్టార్టు చేయాలంటే డీకంప్రెషర్ లివర్ పట్టుకుని, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చాక కిక్కు కొట్టాలి. తొందరపడితే రివర్స్ కిక్కు చీలమండకు తగిలేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండడం వలన బండి మారినవారు తికమక పడేవారు.

జావా, యెజ్డీ, రాజ్‌దూత్ టూ స్ట్రోక్ బండ్లు. వాల్వులు, ట్యాపెట్లు లేవు గనుక ఇంజను పని సులభం. కాని పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గుకు మసి పట్టి బండి ఆగేది, తక్కువైతే పిస్టన్ పట్టేసేది. సైలెన్సరులో కార్బన్ పేరుకుంటే లాగుడు తగ్గేది. జావాలో గేరు లివరే కిక్కు లివరు కావడం ఒక వింత. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రాకముందు అన్ని బండ్లకూ కాంటాక్ట్ పాయింట్లే ఆధారం. వాటి మధ్య సందు తప్పినా, తడి చేరినా నిప్పురవ్వ పడదు.

ఈ పాయింట్ల సంగతి నాకు అనుభవపూర్వకంగా తెలుసు. ఒక శ్రావణమాసంలో రాత్రి పది గంటలకు మా నాన్నగారికి గుండెనొప్పి అని ఊరినుండి కబురు వచ్చింది. ముప్పై కిలోమీటర్ల దూరం. వర్షంలోనే బయలుదేరాను. సగం దారిలో వాగు దాటగానే బండి ఆగింది. టార్చి నోట కరచుకుని, మూత విప్పి, పాయింట్లు తుడిచాను. అగ్గిపెట్టె తడిసి పోయింది. ఫీలర్ గేజి ఇంట్లోనే ఉండిపోయింది. వచ్చే ఆదివారం చూద్దాంలే అని మూడు వారాలుగా వాయిదా వేసిన పని అది. తెల్లవారుజామున లారీ పట్టుకుని ఇంటికి చేరేసరికి నాన్నగారు లేరు. ముందే వెళ్ళి ఉంటే బ్రతికేవారా అన్నది నేను చెప్పలేను. తప్పు బండిది కాదు, నాది. అయినా ఆ బండి అమ్మడానికి నాకు మనసొప్పలేదు. ఈనాటికీ మా వసారాలో ఉన్నది.

1980 దశకం మధ్యలో జపాను సహకారంతో 100 సి.సి. బండ్లు వచ్చాయి. 1985 సం.లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 తక్కువ పెట్రోలుతో, తక్కువ రిపేర్లతో నడిచి, ఉద్యోగస్థుల మనసు మార్చింది. మైసూరు ఫ్యాక్టరీ 1996 సం.లో మూతపడింది. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1994 సం.లో ఐషర్ సంస్థ చేతిలోకి పోయింది.

ఆ తరువాతనే పాత రూపాలకు మళ్ళీ గిరాకీ పుట్టింది. ఇంగ్లండులో ట్రయంఫ్ వారు బోనవిల్ పేరును 2001 సం.లో తిరిగి తెచ్చారు. కొన్నేళ్ళకు దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి, చూసేవారికి పాత కార్బొరేటరులాగే కనిపించేటట్లు చేశారు. మనదేశంలో 2009 సం.లో క్లాసిక్ వచ్చింది. ఇంజను, గేరు బాక్సు ఒకే పెట్టెలోకి చేరాయి, పాయింట్లు పోయాయి. 2021 సం.లో వచ్చిన కొత్త క్లాసిక్ 349 సి.సి. ఇంజనులో అదురును తగ్గించే బ్యాలెన్సర్ కూడా ఉన్నది. 2018 సం.లో తిరిగి వచ్చిన జావాకు రెండు సైలెన్సర్లు పాతవాటిలాగే కనిపిస్తాయి గాని, లోపల ఉన్నది నీటితో చల్లబడే 293 సి.సి. ఫోర్ స్ట్రోక్ ఇంజను. పెట్రోలులో ఆయిల్ కలిపే పని లేదు, రేడియేటరులో కూలెంట్ మాత్రం చూసుకోవాలి.

మరి కొత్తవి చెడిపోవా? చెడిపోతాయి, కాని తీరు వేరు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా 2,36,966 బండ్లను వెనక్కు పిలిచింది. అదే సంవత్సరం డిసెంబరులో వెనుక బ్రేకు భాగం కోసం 26,300 క్లాసిక్ బండ్లను పిలిచింది. మన కాలంలో లోపముంటే కొన్నవాడే భరించేవాడు. ఇప్పుడు కంపెనీయే బహిరంగంగా ఒప్పుకుని ఉచితంగా మార్చి ఇస్తున్నది. ఇది మంచి మార్పే. అయితే కాయిలో, సెన్సరో పోతే రోడ్డు పక్కన మనం చేయగలిగింది లేదు. బ్యాటరీ దిగితే కిక్కు కొట్టుకునే వీలు చాలా బండ్లకు లేదు. ఫోను చేసి కూర్చోవలసిందే.

నా అభిప్రాయం సంక్షిప్తంగా మనవి చేస్తాను. రోజూ నడపడానికి కొత్తదే మంచిది. ముఖ్యంగా బ్రేకుల విషయంలో పోలిక లేదు. 125 సి.సి. దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుండి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది, పాత డ్రమ్ము బ్రేకులతో నేటి ట్రాఫిక్కులో తిరగడం సాహసమే. కొనేముందు సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో విచారించాలి. రీకాల్ ఉన్నదేమో బండి నంబరు చెప్పి అడగాలి. క్లాసిక్ బరువు 195 కిలోలు గనుక మన వయసువారు సెంటర్ స్టాండు వేసే ప్రయత్నం చేయకపోవడం మంచిది. పాత బండి ఉంచుకునేవారు నట్లు, పాయింట్లు, క్లచ్ వైరు, బ్రేకులు వరుసగా చూసుకుంటూ, ఆదివారాలలో దగ్గరి దూరాలకే వాడుకోవాలి.

మా మనవడు వసారాలోని బండిని ఆఫీసుకు తీసుకుపోతానని పట్టుబట్టాడు. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పని ఆ వాగు రాత్రి సంగతి వాడికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఫీలర్ గేజి ఎలా పెట్టాలో నేర్పించు తాతయ్యా" అన్నాడు. ఆఫీసుకు కొత్త బండి కొన్నాడు. ఆదివారం ఉదయం మాత్రం ఇద్దరం వసారాలో కూర్చుని పాయింట్లు సరిచేస్తున్నాము. ఈ మధ్య వాడే సందు సరిగా పెడుతున్నాడు. నేను పక్కన టార్చి పట్టుకుంటున్నాను.