ఆరోగ్యవరము – మెదడులోని వార్తాహరులు

మదనపల్లెకు చేరువనున్న ఆరోగ్యవరము పేరు వినినంతనే మనకు ఊపిరితిత్తుల క్షయయే జ్ఞప్తికి వచ్చును. కాని ఆ వ్యాధి మిక్కిలి క్రూరముగా ప్రవర్తించునది పసివారి మెదడులో.

దక్షిణభారతమందలి పలు క్రైస్తవ మిషనులు కలసి 1912లో పునాది వేసి, 1915లో అచ్చట క్షయ శానటోరియమును తెరచినవి. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరు దానికి మొదటి సూపరింటెండెంటు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన మెట్టసీమలోనివి. ఆ పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, ఇవియే ఆనాటి ప్రధాన చికిత్స. ఊపిరితిత్తుల రోగులలో కొందరికి వీనివలన మేలు కలిగెను. మెదడు పొరలకు క్షయ సోకిన బిడ్డకు మాత్రము మృత్యువు దాదాపు నిశ్చయమే.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1952లో ఐసోనియజిడ్ వాడుకలోనికి వచ్చెను. బిడ్డలు బ్రతుకజొచ్చిరి. అయితే సూక్ష్మజీవి నశించుచున్నను కొందరికి కాలుచేతులు పడిపోవుచుండెను. ఏల?

ఈ వ్యాధిలో మెదడు అడుగుభాగమున చిక్కని స్రావము పేరుకొని రక్తనాళములను చుట్టుముట్టును. నాళముల గోడలు వాచి, లోపలి దారి ఇరుకై, ఆవలి భాగమునకు రక్తము చాలదు. అప్పుడు మెదడులోని మైక్రోగ్లియా అను కావలికణములు కొన్ని మాంసకృత్తులను వెలువరించును. వీనిలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరును 1975లో గుర్తించిరి. ఇంటర్‌ల్యూకిన్ అను పేరు 1979లో ఏర్పడెను. ఇవి శరీరపు వార్తాహరులు. ఊరిలో ఇల్లంటుకొన్నప్పుడు కేక వేయవలసినదే. కాని ఊరంతయు ఒకే సందులో దూరినచో నీళ్లబిందె తెచ్చువానికి దారి యుండదు. ఇవియు అట్లే. రక్తమునకును మెదడునకును నడుమనున్న అడ్డుగోడను సడలించి, తెల్లకణములను అతిగా రప్పించి, మిగిలిన కణములకును చేటు తెచ్చును. రక్తపుగడ్డ అడ్డుపడి పెద్దలకు వచ్చు పక్షవాతములోను జరుగునది చాలవరకు ఇదియే.

కనుక క్రిమిని చంపుటతో పని ముగియదు, కేకలను కూడ కొంత అణచవలెను. వియత్నాములో 545 మంది రోగులపై జరిపి 2004లో ప్రకటించిన పరిశోధనలో, క్షయమందులతో పాటు డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో మరణములు తగ్గినవి. బ్రతికినవారి అంగవైకల్యము తగ్గినట్లు మాత్రము తేలలేదు. బొత్తిగా నోరు నొక్కుటయు తగదు; క్షయక్రిమిని అదుపులో నుంచుటకు ఆ ఫ్యాక్టరే కావలెను.

క్రిస్టియన్ మోలరు కుమారుడు డాక్టరు యోహానెస్ మదనపల్లె పల్లెలలో బి.సి.జి. టీకాను పరీక్షించి, ఇరువది ఏండ్లకు పైబడిన పరిశీలనను 1973లో ప్రకటించెను. పెద్దల ఊపిరితిత్తుల క్షయ విషయమున ఆ టీకా శక్తి గూర్చి నేటికిని వాదము కలదు. పసివారి మెదడు క్షయను అది చాలవరకు నివారించునని పలుదేశముల పరిశీలనలు తెలిపినవి. పుట్టిన బిడ్డ ఎడమ భుజమున నేటికిని వేయుచున్నది ఆ టీకాయే.