పల్లె చర్చి పాట: టికెట్ లేని కచేరీ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల దళితవాడల్లో చర్చి ప్రార్థనా స్థలమే కాదు, సంగీతం నేర్పిన బడి కూడా. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి క్రైస్తవ కీర్తనలు కర్ణాటక రాగతాళాలను పల్లెకు చేర్చాయి. ఆదివారం ఆరాధనలోనూ క్రిస్మస్ రోజుల్లోనూ హార్మోనియం, డోలక్, తాళాలతో సాగే ఈ పాటకు టికెట్ లేదు.

వినోదం అందరికీ సమానంగా దొరకని చోట ఇది చిన్న విషయం కాదు. తెనాలి దగ్గరి చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది.

చర్చిలోనూ కులం పూర్తిగా పోలేదు. మాల, మాదిగలకు వేర్వేరు చర్చిలున్న ఊళ్లున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా నిరాకరిస్తోంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చినా వీరిని చేర్చలేదు. అందుకే ఈ కీర్తనలను మతసాహిత్యంగానే కాక, దళితుల సాంస్కృతిక చరిత్రగానూ నమోదు చేయాలని మేము కోరుతున్నాం.