ఒకే దేశం, అనేక వానలు: భారతదేశ చరిత్రలో ప్రాంతీయ శీతోష్ణస్థితి

భారతదేశ శీతోష్ణస్థితి ఏ రకానికి చెందిందని అడిగితే ‘ఉష్ణమండల రుతుపవన రకం’ అని మీరు వెంటనే సమాధానం రాస్తారు. భూగోళశాస్త్ర పరీక్షకు అది సరిపోతుంది. చరిత్ర చదివేవారు మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఆ వాన ఎక్కడ పడింది? ఏ నెలలో పడింది?

దేశం మొత్తానికి ఏడాది సగటు వర్షపాతం సుమారు 1,170 మిల్లీమీటర్లు. మేఘాలయలోని మాసిన్రామ్‌లో 11,000 మిల్లీమీటర్లు దాటుతుంది. జైసల్మేర్‌లో 200 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడాది కిందే లెక్క. పడమటి కనుమల మీద ఉన్న మహాబలేశ్వరంలో 5,000 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, కనుమల అవతల పుణెలో సుమారు 700, ఇంకా లోపల అనంతపురంలో 550 ప్రాంతంలో ఆగిపోతుంది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమగాలి కనుమలు ఎక్కుతూ చల్లబడి పడమటి వైపే కురిసిపోతుంది. తూర్పుకు దిగేటప్పుడు మళ్లీ వేడెక్కి పొడిబారుతుంది. దీన్నే వర్షచ్ఛాయ అంటాం. దేశంలో ఎక్కువ భాగానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానాకాలమైతే, తమిళనాడు తీరానికి అసలు వాన అక్టోబరు, డిసెంబరు మధ్య వస్తుంది. కశ్మీరులో శీతకాలపు మంచు పడమటి నుంచి వచ్చే అలజడుల వల్ల కురుస్తుంది. ‘సగటు’ అన్న మాట చరిత్ర పుస్తకంలో కనిపిస్తే నాకెప్పుడూ కొంత అనుమానమే. సగటు వానతో ఏ రైతూ పంట పండించలేదు.

ఈ తేడాలను మనవాళ్లు ఎప్పటినుంచో గుర్తించారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారం ముందు వాన కొలిచే పాత్రను ఉంచాలని ఉంది. వ్యవసాయాన్ని పర్యవేక్షించే సీతాధ్యక్షుని అధ్యాయంలో ప్రాంతాలవారీ లెక్కలు కూడా ఉన్నాయి: జాంగల ప్రదేశాల్లో 16 ద్రోణాలు, తేమ నేలల్లో దానికి ఒకటిన్నర రెట్లు, అశ్మకంలో పదమూడున్నర, అవంతిలో 23. అపరాంతంలో, అంటే కొంకణ తీరంలో, హిమాలయ ప్రాంతంలో మాత్రం అపరిమితం. ఈ గ్రంథం ఏ కాలానిదన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ద్రోణాన్ని మిల్లీమీటర్లలోకి మార్చే ప్రయత్నమూ మనం చేయనక్కరలేదు. అంకెల వరుసను మాత్రం చూడండి. గోదావరి తీరపు అశ్మకం (మన బోధన్ దీని రాజధాని అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం) మాళవ ప్రాంతపు అవంతి కంటే పొడి నేల అనీ, కొంకణం లెక్కకు అందదనీ ఆ రచయితకు తెలుసు. వానను బట్టి ఏ విత్తనం వేయాలో నిర్ణయించాలని కూడా అక్కడే చెప్పాడు. శిస్తు ధాన్యంగా వసూలయ్యే రాజ్యానికి ఈ లెక్క ఖజానా లెక్క కూడా.

ఈ అవగాహన లోపిస్తే ఏమవుతుందో 1866 ఒరిస్సా కరువు చూపిస్తుంది. 1865లో వానలు ముందుగానే ఆగిపోయి వరి ఎండిపోయింది. బయటి నుంచి బియ్యం తెప్పించనక్కరలేదని కలకత్తాలోని రెవెన్యూ బోర్డు భావించింది. మనసు మార్చుకునేసరికి 1866 వేసవి దాటిపోయింది, నైరుతి రుతుపవనం ప్రవేశించింది. సముద్రం పోటెత్తి ఓడల్లోంచి బియ్యం దించడం కష్టమైంది. సరైన రోడ్లు లేని జిల్లాల్లో బండ్లు కదలలేదు. ముందు ఏడాది రాని వాన మనుషులను ఆకలికి గురిచేస్తే, ఈ ఏడాది వచ్చిన వాన అన్నాన్ని అడ్డుకుంది. సుమారు పది లక్షల మంది, అంటే కరువు ప్రాంతపు జనాభాలో దాదాపు మూడోవంతు, మరణించారని అంచనా. కరువును కేవలం వర్షాభావంగా నిర్వచించే సమాధానాలు మీరు రాయకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

పదేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మన నేల మీద వచ్చింది. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతం రెండు రుతుపవనాలకూ అంచున ఉంటుంది. నైరుతిని కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యం తీరంలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. 1876లో రెండూ దెబ్బతీశాయి. అదే మద్రాసు రాష్ట్రంలోని గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం చాలావరకు తట్టుకున్నాయి. 1852లో ధవళేశ్వరం దగ్గర, 1855లో బెజవాడ దగ్గర ఆనకట్టలు పూర్తయ్యాయి. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరంలో కదా! డెల్టా రైతు పొలంలో పారేది చాలావరకు పడమటి కనుమల వాన. రాయలసీమ రైతుకు తన చేను మీద, తన చెరువులో పడిన వానే దిక్కు.

ఈ తేడా తెలిసినా పాలకులు పొదుపే ముఖ్యమనుకున్నారు. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. కష్టం చేసే మనిషికి ఇది చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. 1876-78 కరువులో బ్రిటిష్ ప్రాంతాల్లో 50 లక్షలకు పైగా చనిపోయారని కరువు కమిషన్ అంచనా.

భారత వాతావరణ శాఖ ఒరిస్సా కరువు వంటి అనుభవాల నేపథ్యంలో 1875లో ఏర్పడింది. 1864లో కలకత్తాను, అదే ఏడాది మచిలీపట్నాన్ని ముంచిన తుపానులు కూడా దీనికి కారణాలు. తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయ మంచును ఆధారం చేసుకుని 1880లలో రుతుపవన అంచనాలు మొదలుపెట్టాడు. 1904లో వచ్చిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్ పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడనపు ఊగిసలాటను గుర్తించాడు. ఆయన పనిలో మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. దేశమంతటికీ కలిపి ఒకే అంచనా ఇవ్వడం కుదరదని గ్రహించి, ద్వీపకల్పాన్ని, వాయవ్య భారతాన్ని, ఈశాన్య భారతాన్ని వేర్వేరుగా లెక్కకట్టాడు.