ఎల్జ్బియెతా జవాత్స్కా: సరిహద్దులు దాటిన వార్తాహరి

గూఢచారి అనగానే మీకు సినిమాలోని తుపాకులు గుర్తుకు రావచ్చు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు పోలండ్‌లో మాత్రం రహస్య సమాచారాన్ని మోసుకెళ్లడమే ప్రాణాంతకమైన పని.

ఎల్జ్బియెతా జవాత్స్కా 1909లో తోరున్‌లో జన్మించారు. అప్పుడు ఆ పట్టణం జర్మన్ పాలనలో ఉండేది. అందువల్ల ఆమెకు జర్మన్ భాష బాగా వచ్చు. పోజ్నాన్‌లో గణితం చదివి ఉపాధ్యాయురాలయ్యారు. 1939లో నాజీల ఆక్రమణ తర్వాత ప్రతిఘటనోద్యమంలో చేరి, 'జో' అనే మారుపేరుతో వందకు పైగా సార్లు సరిహద్దులు దాటి నివేదికలు, డబ్బు చేరవేశారు. 1943లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మీదుగా లండన్‌లోని పోలిష్ ప్రవాస ప్రభుత్వాన్ని చేరుకున్నారు. ఆ సెప్టెంబరులోనే పారాచూట్‌తో స్వదేశంలో దిగారు. బ్రిటన్ నుంచి ఇలా దిగిన 316 మంది పోలిష్ పారాట్రూపర్లలో మహిళ ఆమె ఒక్కరే.

యుద్ధానంతరం అధికారానికి వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం, ప్రవాస ప్రభుత్వానికి విధేయులైనవారిని శత్రువులుగా చూసింది. 1951లో జవాత్స్కాను అరెస్టు చేసింది. ఆమె 1955 వరకు జైలులోనే ఉన్నారు. విడుదలయ్యాక మళ్లీ పాఠాలు చెప్పారు, డాక్టరేట్ పొందారు. ఆమె గ్రంథం రాసిన విషయం ఏమిటో తెలుసా? కరస్పాండెన్స్ విద్య! మీరు చదువుతున్న దూరవిద్యకు అదే పూర్వరూపం.

2006లో పోలండ్ ఆమెకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. 2009లో, 99 ఏళ్ల వయసులో ఆమె మరణించారు.

ఒకప్పుడు శిక్షకు కారణమైన సేవే తర్వాత గౌరవానికి కారణమైంది. ఆమె చేసిన పని మారలేదు, పాలకులు మారారు. కాబట్టి చరిత్రలో ఎవరినైనా 'ద్రోహి' అని చదివినప్పుడు, ఆ తీర్పు ఎవరిది, ఏనాటిది అని ముందుగా ప్రశ్నించుకోండి.