ఎక్సెల్‌లో ఎంత కిందికి వెళ్లినా హెడింగ్ కనిపించాలంటే ఏం చేయాలి?

దుకాణం కొనుగోళ్ల లెక్క కావచ్చు, ఇంట్లో షాదీ ఖర్చుల లిస్టు కావచ్చు, మసీదు కమిటీ చందాల రిజిస్టర్ కావచ్చు. ఇప్పుడు కొన్ని ఇళ్లలో ఇవన్నీ ఎక్సెల్‌లోనో, గూగుల్ షీట్స్‌లోనో ఉంటున్నాయి. మొదటి పాతిక ముప్పై వరుసల దాకా ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత కిందికి వెళ్తే పైన రాసుకున్న హెడింగ్ స్క్రీన్ మీద నుంచి వెళ్లిపోతుంది. కుడివైపు జరిగితే పేర్లు పోతాయి. మిగిలేవి ఒట్టి అంకెలు. ఏ అంకె ఎవరిది, ఏ ఖాతాది అన్నది గుర్తు మీద ఆధారపడాల్సిందే.

దీన్ని చిన్న విషయం అనుకుంటారు కానీ కాదు. హైదరాబాద్‌లో ఒక బట్టల దుకాణం ఉందనుకుందాం. సూరత్ నుంచి సరుకు తెప్పిస్తే బిల్లులో ఐజీఎస్టీ పడుతుంది. అదే సరుకు తెలంగాణలోని హోల్‌సేల్ వ్యాపారి దగ్గర కొంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండుగా పడుతుంది. 20,000 రూపాయల బట్టకు 5 శాతం చొప్పున సూరత్ బిల్లులో ఐజీఎస్టీ 1,000. ఇక్కడి బిల్లులో సీజీఎస్టీ 500, ఎస్‌జీఎస్టీ 500. షీట్‌లో ఈ మూడు కాలమ్‌లూ పక్కపక్కనే ఉంటాయి. నూట యాభయ్యో వరుసలో హెడింగ్ కనబడకుండా టైప్ చేస్తుంటే ఐజీఎస్టీ వెయ్యి వెళ్లి సీజీఎస్టీ కాలమ్‌లో కూర్చుంటుంది.

అసలు చిక్కు ఏంటంటే, ఈ తప్పు టోటల్‌లో దొరకదు. ఏ కాలమ్‌లో వేసినా మొత్తం పన్ను 1,000 రూపాయలే కదా! నెలాఖరుకు కూడిక సరిపోతుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ జీఎస్టీలో ఒక్కో పద్దు క్రెడిట్‌కు విడివిడిగా లెక్క ఉంటుంది. సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్‌జీఎస్టీ కట్టడానికి వీల్లేదు. ప్రతి నెలా 14న తయారయ్యే జీఎస్‌టీఆర్-2బి తో పోల్చినప్పుడు తేడా బయటపడుతుంది. అప్పుడు ఒక్కో బిల్లూ తీసి వెతుక్కోవాలి. అలా వెతికేటప్పుడు సప్లయర్ జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు చూస్తే పని తొందరగా అవుతుంది. 36 ఉంటే తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 24 గుజరాత్.

ఫ్రీజ్ పేన్స్ ఎలా పెట్టాలి

ఎక్సెల్‌లో పైన వ్యూ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో ఫ్రీజ్ పేన్స్ నొక్కితే మూడు ఆప్షన్లు కనిపిస్తాయి. ఫ్రీజ్ టాప్ రో అంటే పై వరుస ఒక్కటే కదలకుండా ఉంటుంది. ఫ్రీజ్ ఫస్ట్ కాలమ్ అంటే మొదటి కాలమ్ ఒక్కటే. చాలామంది మొదట టాప్ రో నొక్కి, తర్వాత ఫస్ట్ కాలమ్ నొక్కుతారు, రెండూ ఆగుతాయని. ఆగవు. రెండోది నొక్కగానే మొదటిది రద్దవుతుంది.

రెండూ కావాలంటే మూడో ఆప్షన్, అంటే ఫ్రీజ్ పేన్స్ అనే దాన్నే వాడాలి. దీని సూత్రం ఒక్కటే: మీరు ఏ సెల్ మీద క్లిక్ చేసి ఉన్నారో, దానికి పైన ఉన్న వరుసలు, ఎడమ పక్కన ఉన్న కాలమ్‌లు ఆగిపోతాయి. ఆ సెల్ మాత్రం కదిలే భాగంలోనే ఉంటుంది. మొదటి వరుసలో హెడింగ్‌లు, ‘ఎ’ కాలమ్‌లో తేదీ, ‘బి’ లో సప్లయర్ పేరు ఉన్నాయనుకోండి. ఈ మూడూ ఎప్పుడూ కనబడాలంటే సి2 సెల్ మీద క్లిక్ చేసి ఫ్రీజ్ పేన్స్ నొక్కాలి. హెడింగ్ ఒక్కటే చాలనుకుంటే ఎ2. కీబోర్డ్ అలవాటున్న వాళ్లు ఆల్ట్ నొక్కి వదిలేసి, వరుసగా డబ్ల్యూ, ఎఫ్, ఎఫ్ కొడితే సరిపోతుంది. తీసేయాలంటే అదే చోట అన్‌ఫ్రీజ్ పేన్స్ అని వస్తుంది.

జీఎస్టీ పోర్టల్ నుంచి దింపుకున్న జీఎస్‌టీఆర్-2బి ఫైల్ లాంటి వాటిలో హెడింగ్ ఒక్క వరుసలో ఉండదు. పైన టైటిల్, దాని కింద రెండు అంతస్తుల హెడింగ్. ట్యాక్స్ అమౌంట్ అని పైన ఒక పెద్ద గడి, దాని కింద ఇంటిగ్రేటెడ్, సెంట్రల్, స్టేట్ అని విడివిడిగా. అక్కడ టాప్ రో నొక్కితే టైటిల్ మాత్రమే ఆగుతుంది, దాంతో ఏం లాభం? మొదటి బిల్లు ఏ వరుసలో మొదలవుతుందో చూసి, ఆ వరుసలో సప్లయర్ పేరుకు కుడి పక్క సెల్ మీద క్లిక్ చేసి ఫ్రీజ్ పేన్స్ పెట్టాలి.

పై వరుసలు మాయమైతే

ఈ కంప్లైంట్ తరచుగా వినిపిస్తుంది. ఫ్రీజ్ చేశాక పైన ఉన్న డేటా పోయిందని కంగారు పడతారు. డేటా ఎక్కడికీ పోదు. ఫ్రీజ్ టాప్ రో అంటే ఎక్సెల్‌కు ఒకటో నంబర్ వరుస అని కాదు, ఆ సమయంలో స్క్రీన్ మీద అన్నిటికంటే పైన కనబడుతున్న వరుస అని అర్థం. మీరు కిందికి వెళ్లి, పైన 40వ వరుస ఉన్నప్పుడు నొక్కితే 40వ వరుసే ఆగిపోతుంది. ఒకటి నుంచి 39 వరకు పైకి జరిపి చూడ్డానికి కుదరదు. అన్‌ఫ్రీజ్ చేసి, షీట్ మొదటికి వెళ్లి మళ్లీ పెట్టుకుంటే చాలు.

మరీ ఎక్కువ వరుసలు ఆపినా ఇబ్బందే. చిన్న ల్యాప్‌టాప్‌లో పదిహేను వరుసలు ఫ్రీజ్ చేస్తే కదిలే చోటు మిగలదు, మౌస్ పాడైందేమో అనిపిస్తుంది. ఫ్రీజ్ పేన్స్ బటన్ మసకబారి నొక్కుడు పడకపోతే, ఏదో సెల్‌లో టైపింగ్ సగంలో ఆగి ఉండొచ్చు, ఎంటర్ కొట్టండి. లేదా షీట్ పేజ్ లేఅవుట్ వ్యూలో ఉండొచ్చు, నార్మల్‌కు మార్చండి.

ఇంకో మాట. ఫ్రీజ్ అన్నది ఒక్కో షీట్‌కు విడిగా పెట్టాలి. ఏప్రిల్ షీట్‌లో పెడితే మే షీట్‌కు రాదు. ఫైల్‌తో పాటే సేవ్ అవుతుంది కానీ, సీఎస్‌వీ ఫైల్‌గా సేవ్ చేస్తే పోతుంది.

గూగుల్ షీట్స్‌లో, ఫోన్‌లో

గూగుల్ షీట్స్‌లో వ్యూ మెనూలో ఫ్రీజ్ ఉంటుంది. ఒక వరుసా, రెండు వరుసలా, క్లిక్ చేసి ఉన్న వరుస దాకానా అని అక్కడే అడుగుతుంది. ఎక్సెల్‌కు దీనికి తేడా గమనించండి: ఇక్కడ క్లిక్ చేసిన వరుస కూడా ఆగే భాగంలోకి వస్తుంది. కాలమ్‌లకు కూడా అంతే. వరుసలు, కాలమ్‌లు రెండూ విడివిడిగా పెట్టుకోవచ్చు, ఒకటి పెడితే ఇంకోటి రద్దు కాదు. నా లెక్కలో ఇదే సులువు. షీట్ ఎడమ పైమూలన ఉండే మందపాటి బూడిద రంగు గీతను మౌస్‌తో లాగినా పని అవుతుంది. కాకపోతే కలిపేసిన సెల్స్, అంటే మెర్జ్ చేసినవి అడ్డొస్తే గూగుల్ ఒప్పుకోదు. మెర్జ్ తీసేసి పెట్టాలి.

ఫోన్‌లో గూగుల్ షీట్స్ యాప్ అయితే వరుస నంబర్‌ను నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో ఫ్రీజ్ ఉంటుంది. చిన్న స్క్రీన్ కాబట్టి ఒక వరుస, ఒక కాలమ్ మించి ఆపకండి. దుబాయ్‌లోనో జెడ్డాలోనో ఉన్న అన్నయ్య, ఊళ్లో ఉన్న అబ్బా ఒకే షీట్‌లో ఇంటి ఖర్చు రాసుకుంటుంటే, ఒకరు ఫ్రీజ్ చేస్తే అందరికీ అలాగే కనిపిస్తుంది. పైగా డేటా మెనూలోని సార్ట్ షీట్ వాడినప్పుడు ఫ్రీజ్ చేసిన హెడింగ్ పేర్ల మధ్యలో కలిసిపోకుండా పైనే ఉంటుంది.

లిబ్రే ఆఫీస్ క్యాల్క్ వాడేవాళ్లకు వ్యూ మెనూలోనే ఫ్రీజ్ రోస్ అండ్ కాలమ్స్ ఉంది. క్లిక్ చేసే పద్ధతి ఎక్సెల్‌ది లాంటిదే. ఉర్దూలో లెక్కలు రాసుకునే వాళ్లు ఎక్సెల్ షీట్‌ను కుడి నుంచి ఎడమకు మార్చుకుంటే ‘ఎ’ కాలమ్ కుడివైపుకు వస్తుంది. అప్పుడు ఫస్ట్ కాలమ్ అంటే కుడి అంచున ఉన్నదే ఆగుతుంది.

ఇదేమీ కొత్త వసతి కాదు. 1979లో వచ్చిన తొలి తరం స్ప్రెడ్‌షీట్ విసిక్యాల్క్‌లోనే టైటిల్స్ అనే కమాండ్ ఇదే పని చేసేది. అప్పటి స్క్రీన్‌లో కనిపించేవే ఇరవై చిల్లర వరుసలు. ఇప్పుడు ఎక్సెల్‌లో ఒక్క షీట్‌కు 10,48,576 వరుసలు.

ప్రింట్ తీసేటప్పుడు

స్క్రీన్ మీద ఫ్రీజ్ చేసినంత మాత్రాన ఎక్సెల్ ప్రింట్‌లో ప్రతి పేజీకి హెడింగ్ రాదు. ఆడిటర్ దగ్గరికి పది పేజీలు తీసుకెళ్తే మొదటి పేజీకే హెడింగ్ ఉంటుంది. దానికి పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో ప్రింట్ టైటిల్స్ నొక్కి, రోస్ టు రిపీట్ ఎట్ టాప్ అన్న గడిలో హెడింగ్ వరుసను ఎంచుకోవాలి. ప్రింట్ ప్రివ్యూలోంచి పేజ్ సెటప్ తెరిస్తే ఆ గడి పనిచేయదు, ట్యాబ్ నుంచే వెళ్లాలి. గూగుల్ షీట్స్‌లో అయితే ప్రింట్ స్క్రీన్‌లో హెడర్స్ అండ్ ఫుటర్స్ కింద రిపీట్ ఫ్రోజెన్ రోస్ అని ఉంటుంది, అక్కడ టిక్ పెడితే చాలు.