పాత ఫైళ్ళలో తెలుగు ఎక్కడికి పోయింది?

మన అదియమాన్‌కోట్టైలో తెలుగు ఇంటి మాట, తమిళం బడి రాత. అందుకే తెలుగులో రాసిపెట్టిన ప్రతి కాగితమూ మనకు విలువైనదే.

మొన్న సంఘం పాత ఫైళ్ళు బ్రౌజరులో తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. "చెడిపోయాయి, తీసేద్దాం" అనుకున్నాం. కానీ అవి చెడిపోలేదు. ఒకప్పుడు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలు తొడిగి ఫాంట్లు చేసేవారు. ఆ ఫాంటు లేకపోతే బ్రౌజరు ఇంగ్లీషే చూపిస్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. పాత ఫాంట్ల సైట్లను 'పద్మ' అనే జోడింపు ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా మార్చి చూపేది. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా జోడింపులను ఆపేసింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ సెలవిచ్చారు. పాతవి చదివే దారులు ఇలా ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి.

కాబట్టి గజిబిజి కనిపించినా ఫైలు తుడిచెయ్యకండి. అసలు ఫైలు అలాగే ఉంచి, నకలు తీసుకోండి. ఫాంటు పేరు రాసుకోండి. దానికి సరిపడే మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పేర్లు, అంకెలు సరిచూడండి.

తప్పులు పట్టగల పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని ముగిద్దాం.